బుద్ధి జాడ వెదకిన కోహ్లర్

దాహముతో అలమటించిన కాకి కుండలో గులకరాళ్లను ఒక్కొక్కటిగా జారవిడిచి, అడుగున ఉన్న నీరు పైకి వచ్చిన పిమ్మట దప్పి తీర్చుకొన్న కథ వినని తెలుగుబిడ్డ లేడు. విన్న పిల్లలందరును కాకి తెలివిని మెచ్చుకొందురు. కాని పశుపక్ష్యాదులకు నిజముగా ఉపాయము తోచునా? తోచినచో అది మనుష్యశిశువునకు తోచు ఉపాయము వంటిదేనా? లేక గ్రుడ్డిగా చేసిన నూరు ప్రయత్నములలో ఒకటి తగిలి, అదియే అలవాటుగా స్థిరపడినదా? ఈ ప్రశ్నను కథలకు విడిచిపెట్టక, కటకటాల ఆవల ఒక అరటిపండును ఉంచి, ఏమి జరుగునో కన్నులార చూచి తేల్చుకొనవలెనని పూనుకొన్నవాడు వోల్ఫ్‌గాంగ్ కోహ్లర్.

వనపర్తిలోను, గద్వాలలోను, నాగర్‌కర్నూలులోను ఉపాధ్యాయవృత్తికి సిద్ధపడు యువతీయువకులు మనోవిజ్ఞానములో అంతర్దృష్టి అభ్యసనమను పాఠము చదువుదురు. సుల్తాన్ అను చింపాంజీ పేరు వారికి కంఠపాఠము. పరీక్ష ముగిసిన తరువాత కోహ్లర్ పేరు పుస్తకముతోపాటు మూతబడును. కాని ఆయన జీవితము ఒక మార్కు ప్రశ్నకు సమాధానముగా మిగిలిపోదగినది కాదు. మృగములలో బుద్ధిని వెదకిన ఆ మనుష్యుడు, మనుష్యులే బుద్ధిని కోల్పోయిన దినములలో ఎట్లు నిలిచెనో కూడ తెలిసికొనదగినది.

బాల్యము, విద్య

కోహ్లర్ 1887 జనవరి 21వ తేదీన బాల్టిక్ సముద్రతీరమునందలి రెవాల్ పట్టణమున జన్మించెను. నేడు ఎస్టోనియా దేశమునకు రాజధానియైన టాలిన్ నగరమే నాటి రెవాల్. అప్పుడది రష్యా సామ్రాజ్యములో ఉండెను. తల్లిదండ్రులు జర్మనులు. తండ్రి ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. బాలుడు ఇంకను చిన్నవాడై యుండగానే కుటుంబము జర్మనీకి తరలివచ్చి వోల్ఫెన్‌బ్యూటెల్ అను పట్టణమున స్థిరపడెను.

ట్యూబింగెన్, బాన్, బెర్లిన్ విశ్వవిద్యాలయములలో ఆయన చదివెను. బెర్లిన్‌లో ఇద్దరు గురువులు ఆయనను తీర్చిదిద్దిరి. ఒకరు భౌతికశాస్త్రములో నవయుగమును తెచ్చిన మాక్స్ ప్లాంక్. రెండవవారు సంగీతమును, శ్రవణశక్తిని శాస్త్రదృష్టితో పరిశీలించిన కార్ల్ స్టుంఫ్. 1909లో కోహ్లర్ శ్రవణమునకు సంబంధించిన పరిశోధనకు డాక్టరు పట్టము పొందెను. భౌతికశాస్త్రజ్ఞుని క్రమశిక్షణ, సంగీతప్రియుని చెవి రెండును ఆయనకు జీవితాంతము తోడుగా ఉండెను.

1910లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నగరమునకు పోయెను. అచ్చట మాక్స్ వర్తైమర్ అను మనోవిజ్ఞాని ఒక చిత్రమైన ప్రయోగము చేయుచుండెను. రెండు గీతలను ఒకదాని వెంట ఒకటిగా, మిక్కిలి స్వల్పవ్యవధిలో చూపినచో, చూచువానికి రెండు గీతలు కనబడవు. ఒకే గీత అటునుండి ఇటు కదలినట్లు కనబడును. సినిమా తెరపై బొమ్మలు నడచుట ఇట్టిదే. ఆ ప్రయోగములో కూర్చుండి తాము చూచినది చెప్పినవారు కోహ్లర్, కుర్ట్ కొఫ్కా. ఈ ముగ్గురి కలయికనుండి గెస్టాల్ట్ మనోవిజ్ఞానము పుట్టెను. మనస్సు ముక్కలను ఏరి కూర్చుకొని మొత్తమును గ్రహించునది కాదు, మొత్తమునే ముందుగా గ్రహించునని వారి సిద్ధాంతము. ఒక కీర్తనను ఏ శ్రుతిలో పాడినను మనము గుర్తుపట్టుదుము. శ్రుతి మారగానే ప్రతి స్వరస్థానముయొక్క ధ్వని మారిపోయినది. ఐనను కీర్తన మారలేదు. మారనిది స్వరముల నడుమనున్న సంబంధము. ఈ చిన్న సత్యమే కోహ్లర్ చేతిలో దీపమైనది.

ద్వీపములో ఆరేండ్లు

ఆఫ్రికా పశ్చిమతీరమునకు ఎదురుగా స్పెయిన్ పాలనలోనున్న కానరీ ద్వీపములు కలవు. వానిలో ఒకటైన టెనెరీఫ్‌లో ప్రష్యన్ విజ్ఞాన పరిషత్తు 1912లో వానరములను పరిశీలించుటకు ఒక కేంద్రమును నెలకొల్పెను. దాని తొలి అధిపతి ఓయ్‌గెన్ టోయ్‌బర్ వెడలిపోగా, 1913 చివర కోహ్లర్ ఆ స్థానమునకు వచ్చెను. అప్పటికాయనకు ఇరువదియారేండ్లు. కొలదికాలము ఉండి తిరిగిపోవలెనని వచ్చినవానికి 1914లో ప్రపంచయుద్ధము అడ్డుపడెను. సముద్రమార్గములు మూతబడెను. 1920 వరకు ఆయన ఆ ద్వీపముననే ఉండవలసివచ్చెను. ఐరోపా దేశములు ఒకదానినొకటి నాశనము చేసికొనుచుండగా, అగ్నిపర్వతము నీడలో, అరటితోటల నడుమ, ఈ యువశాస్త్రజ్ఞుడు చింపాంజీలను చూచుచు నోటుపుస్తకములు నింపుచుండెను.

అంతకు ముందు 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను పెట్టెలలో మూసి ప్రయోగములు చేసియుండెను. పిల్లి గీరును, కరచును, ఇటునటు దూకును. ఏదో ఒక క్షణమున దాని కాలు తగిలి గడియ ఊడును. మరునాడు కొంత త్వరగా, ఆ మరునాడు మరికొంత త్వరగా బయటపడును. దీనినిబట్టి జంతువు ఆలోచించదు, యత్నదోష పద్ధతిలో నేర్చుకొనునని థార్న్‌డైక్ నిర్ణయించెను.

కోహ్లర్‌కు ఆ నిర్ణయముకంటె ఆ పెట్టెయే అనుమానము కలిగించెను. గడియకు, తలుపునకు గల సంబంధము పిల్లికి కనబడనప్పుడు అది తడుముకొనక ఏమి చేయును? అట్టి పెట్టెలో పడవేసినచో మనుష్యుడును తడుముకొనవలసినదే. బుద్ధి కలదో లేదో తెలియవలెనన్న సమస్యలోని భాగములన్నియు ఒకేసారి కంటికి కనబడవలెను; తిన్నని దారి మూసియుండవలెను; చుట్టుదారి తెరచియుండవలెను. ఇదియే కోహ్లర్ పెట్టిన నియమము. ఆ నియమము క్రింద కోడి, కుక్క, చింపాంజీ, పసిబిడ్డ అందరును ఒకే పరీక్షకు కూర్చుండగలరు.

కోడి, కుక్క, పసిబిడ్డ

ఆ పరీక్షలలో మొదటిది మిక్కిలి సులభమైనది. ఒకవైపు గోడ, మిగిలిన వైపుల కంచె ఉండి, వెనుక మాత్రము తెరపియున్న చోట ప్రాణిని ఉంచెను. కంచె ఆవల దానికి ఇష్టమైన వస్తువును పెట్టెను. వస్తువును చేరవలెనన్న ముందు దానికి వీపు త్రిప్పి, వెనుకకు నడచి, చుట్టి రావలెను.

కోళ్లు కంచెను పట్టుకొని అటునిటు పరుగులెత్తెను. పరుగులో తెరపి ఎదురుపడిననే తప్ప వానికి దారి దొరకలేదు. కుక్క మెరుగు. ఆహారమును దూరముగా విసరినప్పుడు ఒక్క క్షణము తడబడి, గిరుక్కున తిరిగి, చక్కగా చుట్టివచ్చెను. కాని అదే ఆహారమును కంచెను ఆనుకొని ముక్కునకు దగ్గరగా వేసినప్పుడు, అదే కుక్క తీగకు ముక్కు ఆనించి కదలక నిలిచిపోయెను. వాసన అంత దగ్గరగా పిలుచుచుండగా దానికి వెనుకకు తిరుగు శక్తి చాలలేదు. తెలివి ఉండుట వేరు, కోరిక ఆ తెలివిని కప్పివేయుట వేరు అని ఈ చిన్న ప్రయోగము తెల్పెను.

పిమ్మట ఏడాది మూడు నెలల వయస్సుగల ఒక పాపను అట్టి చోటనే నిలిపిరి. నడక నేర్చి కొలది వారములే అయినది. పాప మొదట తిన్నగా వస్తువువైపు పోయి అడ్డునకు తగిలి ఆగెను. తరువాత మెల్లగా చుట్టును చూచెను. చూపు అడ్డు వెంట వెనుకకు పాకెను. ఉన్నట్లుండి పకాలున నవ్వి, ఆగక, తడబడు అడుగులతో చుట్టుదారిన పరుగెత్తి వస్తువును చేరెను. కోహ్లర్ ఆ నవ్వును మరువలేదు. పరుగు మొదలుకాకముందే నవ్వు వచ్చినది. అనగా కాళ్లకంటె ముందు మనస్సు గమ్యమును చేరినది.

సుల్తాన్, తక్కిన మిత్రులు

ఆ కేంద్రములోని చింపాంజీలలో సుల్తాన్ కడు చురుకైనది. గ్రాండే, చీకా, రానా, టెర్సెరా, చేగో, కాన్సుల్ మొదలగునవి దాని సహవాసులు. 1914 జనవరిలో ఒక గది పైకప్పునకు అరటిపండును కట్టి, గది నడుమ ఒక కొయ్యపెట్టెను ఉంచిరి. అన్నియు ఎగిరి ఎగిరి అలసెను. సుల్తాన్ ఎగురుట మాని గదిలో పచార్లు చేసెను. పెట్టె ముందు ఆగెను. దానిని పట్టి పండు దిక్కునకు దొర్లించి, పైకెక్కి, బలముగా ఎగిరి పండును అందుకొనెను. అంతయు కొలది నిమిషములలో ముగిసెను.

రెండు కర్రల ప్రయోగము మరింత ప్రసిద్ధము. కటకటాల ఆవల పండు. ఈవల రెండు వెదురుకర్రలు. ఒకటి సన్నము, ఒకటి లావు. ఏ ఒక్కటియు పండును అందదు. సుల్తాన్ గంటకు పైగా వృథాగా శ్రమపడెను. ఒక కర్రను మరొక కర్రతో ముందుకు నెట్టి పండును తాకించెను గాని అది లాగుటకు పనికిరాలేదు. కోహ్లర్ లావు కర్ర రంధ్రములో తన వ్రేలు పెట్టి సూచన చేసినను అది గ్రహింపలేదు. విసిగి ఆయన వెడలిపోయెను. కాపరి మాత్రము చూచుచుండెను. సుల్తాన్ పండును మరచినట్లు పెట్టెపై కూర్చుండి కర్రలతో ఆడుకొనుచుండెను. ఆటలో రెండును ఒక వరుసకు వచ్చెను. సన్నకర్రను లావుకర్ర రంధ్రములో దూర్చి, వెంటనే లేచి కటకటాల వద్దకు ఉరికి పండును లాగుకొనెను. జతపరచిన కర్ర ఊడిపోగా మరల జతపరచెను. ఇక ఆ విద్య దానికి పోలేదు.

కోహ్లర్ జయములతోపాటు అపజయములను కూడ నిజాయితీగా వ్రాసెను. గ్రాండే నాలుగు పెట్టెలను ఒకదానిపై ఒకటి పేర్చగలిగినను ఆ కట్టడము ఎల్లప్పుడు కూలుటకు సిద్ధముగా ఉండెడిది. బరువు, నిలుకడ అను విషయములు వానికి పట్టువడలేదు. ఒక చింపాంజీ పెట్టెను గోడకు ఎత్తుగా ఆనించి, అది అక్కడనే అంటుకొని నిలుచునని ఆశించినట్లు ప్రవర్తించెను. పండు ఎత్తున ఉన్నది కనుక పెట్టెయు ఎత్తున ఉండవలెనని గ్రహించుటలో బుద్ధి కలదు. పెట్టె గాలిలో నిలువదని తెలియకపోవుటలో లోపము కలదు. ఇట్టి వానిని ఆయన మంచి తప్పులుగా వేరు చేసి చూపెను. విద్యార్థి తప్పునకు సున్న వేయుటకు ముందు అది ఏ జాతి తప్పో చూడవలెనని ఇందులో ఉపాధ్యాయునకు పాఠము కలదు.

మరియొక ప్రయోగములో కోళ్లకు రెండు బూడిదరంగు కాగితములు చూపి, ముదురు రంగుపైననే గింజలు ఏరుకొనునట్లు నేర్పెను. పిమ్మట లేతకాగితమును తీసివేసి, మొదటి ముదురుకంటె ఇంకను ముదురైన దానిని ప్రక్కన పెట్టెను. తాము నేర్చిన పాత కాగితమును విడిచి కోళ్లు తరచుగా కొత్త ముదురు కాగితమునకే పోయెను. కోడియు రంగును గాక రంగుల సంబంధమును గ్రహించినది! చింపాంజీతోను, ఒక చిన్నబిడ్డతోను చేసిన పరీక్షలును ఈ విషయమునే బలపరచెను. శ్రుతి మారినను కీర్తనను గుర్తించు శక్తియొక్క వ్రేళ్లు ఎంత లోతుగా దిగియున్నవో దీనివలన తెలిసెను.

ఈ పరిశోధనలు 1917లో జర్మన్ భాషలో గ్రంథముగా వెలువడెను. 1925లో ఆంగ్లానువాదము వచ్చి లోకమంతట చర్చకు కారణమయ్యెను. వియన్నా మనోవిజ్ఞాని కార్ల్ బ్యూలర్ ఇట్టి సమస్యలనే పసిపిల్లలకు ఇచ్చి చూచి, మొదటి ఏడు నిండవచ్చు దశకు చింపాంజీ వయస్సు అని పేరు పెట్టెను. రష్యాలో వీగాట్‌స్కీ ఈ ప్రయోగములను శ్రద్ధగా చదివి, మాట నేర్చిన పిమ్మట శిశువు బుద్ధి వేరొక మార్గము పట్టునని వాదించెను.

పరీక్షాసమయము

1920లో కేంద్రము మూతబడెను. చింపాంజీలు బెర్లిన్ జంతుప్రదర్శనశాలకు చేరెను. కోహ్లర్ స్వదేశమునకు తిరిగివచ్చి, 1922లో బెర్లిన్ విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన సంస్థకు అధిపతియయ్యెను. పదవీచ్యుతుడైన చక్రవర్తి విడిచిపోయిన రాజభవనములో ఆ సంస్థ నడచెను. వర్తైమర్, కుర్ట్ లెవిన్ వంటి ఉద్దండులు అచ్చట పనిచేసిరి. దేశదేశముల విద్యార్థులు వచ్చి చేరిరి. మనోవిజ్ఞానమునకు అది ఒక స్వర్ణయుగము.

1933 జనవరిలో హిట్లర్ అధికారమునకు వచ్చెను. ఏప్రిల్‌లో యూదులను విశ్వవిద్యాలయ పదవులనుండి తొలగించు శాసనము వెలువడెను. వందలకొలది పండితులు వీధిపాలైరి. పదవులు నిలిచిన ఆచార్యులలో అధికులు మౌనము వహించిరి. కోహ్లర్ యూదుడు కాడు. మౌనముగా ఉన్నచో ఆయనకు హాని లేదు. ఐనను ఏప్రిల్ 28వ తేదీన బెర్లిన్ దినపత్రికలో ఆ తొలగింపులను ఖండించుచు, యూద పండితులవలన జర్మనీకి కలిగిన మేలును కొనియాడుచు వ్యాసము ప్రకటించెను. నాజీ పాలనలో ఆ ప్రభుత్వమును బహిరంగముగా విమర్శించుచు జర్మనీలో అచ్చయిన చివరి వ్యాసములలో అది యొకటి. ఆ రాత్రి తనను బంధింతురని ఎదురుచూచుచు ఆయన మిత్రులతో కూడి వాద్యసంగీతము వాయించుచు గడపెను. తలుపు తట్టినవారు లేరు. దేశమునలుమూలలనుండి మెచ్చుకొనుచు ఉత్తరములు వచ్చెను.

నవంబరులో ఆచార్యులు నాజీ వందనముతో పాఠము ప్రారంభింపవలెనని ఆజ్ఞ వచ్చెను. కోహ్లర్ చేయి పైకెత్తినట్లు ఎత్తి, ఆ వందనము వెనుకనున్న భావములు తనవి కావని నిండు సభలో విద్యార్థులకు స్పష్టము చేసెను. డిసెంబరులో నాజీ యువకులు ఆయన సంస్థపై పడి విద్యార్థులను తనిఖీ చేసిరి. ఆయన నిరసన తెలిపెను. ఒక్కొక్క సహాయకుని తొలగించుచు, సంస్థను లోపలినుండి పాలకులు తొలచివేసిరి. తన సంస్థను తన విద్యార్థులకు నీడగా నిలుపజాలనని తేలిన పిమ్మట, 1935లో ఆయన పదవి విడిచి అమెరికాకు వలసపోయెను.

టెనెరీఫ్ కంచె వద్ద నిలిచిన కుక్క మనకు ఇక్కడ జ్ఞాపకము రాక మానదు. పదవి, జీతము, గౌరవము ముక్కునకు దగ్గరగా ఉన్నప్పుడు వానికి వీపు త్రిప్పి చుట్టుదారి పట్టుట ఎందరు పండితులకు సాధ్యమయ్యెను?

పెన్సిల్వేనియా రాష్ట్రములోని స్వార్త్‌మోర్ కళాశాలలో ఆయన సుమారు రెండు దశాబ్దములు బోధించెను. 1959లో అమెరికన్ మనోవిజ్ఞానుల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1967 జూన్ 11వ తేదీన న్యూహాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్‌లో ఎనుబదియవ ఏట కన్నుమూసెను.

నిలిచినదేమి?

కోహ్లర్ నిర్ణయములన్నియు యథాతథముగా నిలువలేదు. 1945లో హెర్బర్ట్ బిర్చ్, కర్రలతో పరిచయము లేని చింపాంజీలకు అవి వెంటనే పనిముట్లుగా తోచవని, కొలది దినములు వానితో ఆడుకొన్న పిమ్మటనే తోచునని చూపెను. పండు ఆశ లేకున్నను చింపాంజీలు ఆటకై కర్రలను జతపరచునని తరువాత పాల్ షిల్లర్ కనుగొనెను. కావున అంతర్దృష్టి శూన్యమునుండి పుట్టు మెరుపు కాదు. అనుభవమను మబ్బులో కూడుకొన్న పిమ్మట మెరసిన మెరుపు. థార్న్‌డైక్‌కును కొంత న్యాయము జరిగినది.

శిశువును, మృగమును పోల్చి చూచు పని నేటికిని సాగుచున్నది. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ఒక పెట్టెను తెరచు విధమును అనవసరమైన చేతలతో కలిపి చింపాంజీలకును, మూడు నాలుగేండ్ల పిల్లలకును చూపిరి. పెట్టె పారదర్శకమై, ఆ చేతలు వ్యర్థమని కనబడినప్పుడు చింపాంజీలు వానిని విడిచిపెట్టెను. పిల్లలు మాత్రము పెద్దలు చూపినదంతయు పూసగ్రుచ్చినట్లు చేసిరి. 2007లో ఎస్తర్ హెర్మన్, ఆమె సహచరులు 106 చింపాంజీలను, 32 ఒరాంగుటాన్‌లను, రెండున్నరేండ్ల పిల్లలను 105 మందిని పరీక్షించిరి. వస్తువులు, స్థలము, సంఖ్య మొదలగు విషయములలో పిల్లలును చింపాంజీలును దాదాపు సమానులు. ఇతరులను చూచి నేర్చుకొనుటలో, ఎదుటివాని భావము పసిగట్టుటలో మాత్రము పిల్లలు బహుదూరము ముందుండిరి. మనుష్యశిశువుయొక్క విశేషము ఒంటరిగా ఉపాయము పన్నుటలోకంటె ఒకరివలన ఒకరు నేర్చుకొనుటలో ఉన్నదని దీని తాత్పర్యము. ఆ శక్తి ఎంత మేలైనదో, అంత జాగ్రత్త పడదగినది. వ్యర్థమైన వందనమును కూడ ఎదుటివారు చేయుచున్నారని చేయుట ఆ శక్తియొక్క మరొక ముఖమే.

మన కాకి కథయు పరీక్షకు నిలిచినది. 2009లో ఇంగ్లండులో కాకిజాతికి చెందిన రూక్ పక్షులు గొట్టములో రాళ్లు వేసి, నీటిపై తేలు పురుగును పైకి తెప్పించుకొనుట శాస్త్రజ్ఞులు చూచిరి. 2012లో అట్టి పనిని పిల్లలకిచ్చినప్పుడు, ఐదు మొదలు ఏడేండ్ల వారు అదే కుటుంబమునకు చెందిన జే పక్షులవలెనే పలుమార్లు చేసి నేర్చుకొనిరి. ఎనిమిదేండ్లు దాటినవారు మొదటిసారియే సాధించిరి.

తరగతిలో లెక్క తెలియక నిలిచిన బాలుని చూచినప్పుడు ఉపాధ్యాయుడు కోహ్లర్‌ను స్మరించుట మేలు. సమస్యలోని భాగములన్నియు ఆ బాలుని కన్నులయెదుట ఉన్నవా? వానితో ఆడుకొనుటకు వానికి వ్యవధి దొరకినదా? ఇవి రెండును సమకూర్చి, కొంచెము ఓర్పుతో వేచియుండవలెను. టెనెరీఫ్‌లో ఆ పాప నవ్విన నవ్వు అప్పుడు వాని ముఖముపై కనబడును. జవాబు పలకపైకి ఎక్కకముందే ఆ నవ్వు వచ్చును.